కెర్నల్లో పాత ఫీచర్లు పీకేసే ప్లాను: 5.10 నుంచి 6.12కి వెళ్ళేముందు ఏం చూడాలి?

కెర్నల్‌కిట్టు #1
మా ప్రొడక్టు ఆర్మ్ బోర్డుల మీద లైనక్స్ 5.10 ఎల్టీఎస్ (ఏళ్ళ తరబడి ఫిక్సులు అందే) కెర్నల్‌తో నడుస్తోంది. 2026 డిసెంబరుతో దానికి అప్‌స్ట్రీమ్ సపోర్టు అయిపోతుంది కాబట్టి 6.12కి మారాలి. ఎలాగూ కదిలిస్తున్నాం కదా అని మా సొంత డ్రైవర్లో పేరుకుపోయిన పాత ఐఓసీటీఎల్‌లు (ప్రోగ్రాములు డ్రైవర్‌కి పంపే ఆదేశాలు), ఒక ప్రాక్ ఫైలు, రెండు సిస్ఎఫ్ఎస్ ఫైళ్ళు (డ్రైవర్ విలువలు చదివి, రాసేవి) కూడా తీసేద్దామనుకుంటున్నాం. వాటి మీద "డిప్రికేటెడ్" (ఇక వాడొద్దు, తర్వాత తీసేస్తాం) అని డాక్యుమెంటులో ఎప్పుడో రాశారు. ఒక్కడూ కదల్లేదు. పైనుంచేమో "ఏది ఏ నెలలో పోతుందో ఎక్సెల్ షీటు పంపు" అంటున్నారు.

రెండు ప్రశ్నలు. 5.10 తర్వాత మెయిన్‌లైన్ (లైనస్ టోర్వాల్డ్స్ నడిపే అసలు కెర్నల్) తీసేసినవాటిలో ఎంబెడెడ్ వాళ్ళకి తగిలేవి ఏవి? మన సొంత ఇంటర్‌ఫేసులు తీసేయడానికి సరైన వరస ఏమిటి?

సెగ్‌ఫాల్ట్_సత్తిబాబు #2
ఎక్సెల్ షీటా! లైనక్స్ దగ్గరా ఒకటుండేది బ్రో. డాక్యుమెంటేషన్ ఫోల్డర్లో "ఫీచర్ రిమూవల్ షెడ్యూల్" అని ఒక ఫైలు: ఏది, ఎప్పుడు, ఎందుకు, ఎవరు. తేదీలు దాటిపోయేవి, ఫీచర్లు అలాగే ఉండేవి, ఆ ఫైల్లో మెర్జ్ గొడవలు మాత్రం మిగిలేవి. 2012లో లైనస్ ఆ ఫైలునే డిలీట్ చేశాడు. షెడ్యూల్లో అనుకున్నట్టు పోయినవాటిలో షెడ్యూలు కూడా ఒకటి :)

జీపీఐఓ_గిరి #3
తేదీ సంగతికొస్తే మా జీపీఐఓ సిస్ఎఫ్ఎస్ (బోర్డు పిన్నులను ఫైళ్ళతో ఆడించే పాత దారి) ఉందిగా. ఏబీఐ (కెర్నల్ యూజర్ ప్రోగ్రాములకిచ్చే ఇంటర్‌ఫేసు) డాక్యుమెంట్లలో "అబ్సొలీట్" ఫోల్డర్లో పెట్టి, 2020 తర్వాత తీసేస్తాం అని రాశారు. 6.12లో ఇంకా ఉంది. ఎక్స్‌పర్ట్ ఆప్షన్ ఆన్ చేస్తేనే మెనూలో కనబడుతుంది, అంతే తేడా.

పాతకోడు_పంతులు #4
#1కి. నెలలు రాయకండి, రిలీజులు రాయండి. తేదీ కన్నా ముఖ్యం, ప్రతి మెట్టు దగ్గర యూజరుకి ఏం తగులుతుందో రాయడం. నేను చూసినంతలో పనిచేసే వరస ఇది.

మొదటి రిలీజులో పాత కోడునంతా ఒక కాన్ఫిగ్ ఆప్షన్ (బిల్డ్ చేసేటప్పుడు ఆన్, ఆఫ్ చేసేది) కిందకి తెచ్చి డిఫాల్టుగా ఆన్ ఉంచాలి. ప్రవర్తన ఏమీ మారదు, కానీ ఆఫ్ చేసి బిల్డ్ చేయగలుగుతున్నామా లేదా అన్నది తేలిపోతుంది. సగం చిక్కుముళ్ళు ఇక్కడే బయటపడతాయి: పాత ఐఓసీటీఎల్ లోపలి ఫంక్షన్‌ను కొత్త కోడు కూడా పిలుస్తూ ఉంటుంది. రెండో రిలీజులో డిఫాల్టుగా ఆఫ్. మూడోదాంట్లోనో నాలుగోదాంట్లోనో డిలీట్.

అసలు పని జరిగేది డిఫాల్టు ఆఫ్ అయిన రోజున. డాక్యుమెంటు ఎవరూ చదవరు, లాగ్‌లో హెచ్చరిక ఎవరూ చూడరు, ఆగిపోతేనే చూస్తారు. అప్పుడు వాళ్ళ చేతిలో వెనక్కి తిప్పుకునే ఒక్క లైను ఉండాలి. అది లేకుండా ఆపితే అర్ధరాత్రి ఫోను మీకే.

మెయిన్‌లైన్లో దీనికి మంచి నమూనా ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ వీ4 ఫార్మాట్. 2020లో డిప్రికేట్ చేశారు, 2025 సెప్టెంబరు నుంచి డిఫాల్టుగా ఆఫ్, 2030 సెప్టెంబరులో పూర్తిగా తొలగింపు అని అడ్మిన్ గైడులోనే రాసిపెట్టారు. పదేళ్ళు ఎందుకంటే అది డిస్కు మీద ఉండే ఫార్మాటు. వీ4 నుంచి వీ5కి ఉన్నచోటే మార్చే దారి లేదు. డేటా బయటికి తీసి, కొత్తగా ఫార్మాట్ చేసి, మళ్ళీ పోయాలి. ఐఓసీటీఎల్‌కి అంత గడువు అక్కర్లేదు.

బూట్‌లూప్ #5
ఇంత తతంగం దేనికండీ. పీకేయండి. వాడేవాడు అరుస్తాడు. అరిస్తే రివర్ట్ చేయండి. లైనస్ రూలు కూడా అదే కదా, ఎవరూ గమనించకపోతే అది బ్రేక్ కాదు.

ఎల్టీఎస్_లక్ష్మి #6
@బూట్‌లూప్ మెయిన్‌లైన్లో ఆర్సీ1 (విడుదలకి ముందొచ్చే టెస్టు వెర్షను) నడిపేవాళ్ళు అరుస్తారు, నిజమే. ఎల్టీఎస్ నుంచి ఎల్టీఎస్‌కి దూకేవాళ్ళు మీరు పీకిన రెండు మూడేళ్ళకి అరుస్తారు. అప్పటికి చుట్టూ ఉన్న కోడు మారిపోయి రివర్ట్ పట్టదు. అందుకే తొలగింపును ఎల్టీఎస్ వెళ్ళిన వెంటనే వచ్చే రిలీజులో పెడితే అందరికీ మేలు. ఐటానియం ప్రాసెసర్ సపోర్టు 6.6 ఎల్టీఎస్‌లో ఉంది, 6.7లో పోయింది. రైజర్‌ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ 6.12లో ఉంది, 6.13లో పోయింది. కావలసినవాడు ఆ ఎల్టీఎస్ మీద కొన్నేళ్ళు కూర్చోవచ్చు.

కిట్టు గారి మొదటి ప్రశ్నకి, 5.10కి 6.12కి మధ్య పోయినవి, ఎంబెడెడ్ కోణంలో నాకు ముఖ్యమనిపించినవి:

5.13లో కెర్నల్ మెమరీని నేరుగా చదివించే కేమెమ్ డివైస్ పోయింది. దాన్ని తెరిచే పాత డీబగ్ టూల్స్ ఉంటే చూసుకోండి. 5.14లో రా డివైస్ డ్రైవరు, పాత ఐడీఈ డ్రైవర్లు మొత్తం పోయాయి. రా బదులు ఓ-డైరెక్ట్ ఫ్లాగుతో బ్లాక్ డివైస్ తెరవాలి. ఐడీఈ బదులు లిబ్‌అటా వస్తుంది కాబట్టి హెచ్‌డీఏ అని ఉన్న డిస్కు ఎస్‌డీఏ అవుతుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోనూ కెర్నల్ కమాండ్ లైన్లోనూ పేర్లున్న చోట యూయూఐడీ పెట్టుకోండి.

5.18 నాటికి సెట్-ఎఫ్ఎస్ (కెర్నల్ మెమరీని యూజర్ మెమరీలా చెల్లించే ఫంక్షను) అన్ని ఆర్కిటెక్చర్లలో పోయింది. చెట్టు బయట ఉండే వెండర్ డ్రైవర్లలో, కెర్నల్ లోంచి ఫైలు చదివే కోడులో ఇది తప్పకుండా దొరుకుతుంది. కెర్నల్-రీడ్, కెర్నల్-రైట్ వాడాలి. 6.1లో డెక్‌నెట్, ఏ.అవుట్ చివరి అవశేషాలు వెళ్ళిపోయాయి, మీకు పట్టకపోవచ్చు. 6.3లో చాలా పాత ఆర్మ్ బోర్డు ఫైళ్ళు పోయాయి, ఎస్3సీ24ఎక్స్ఎక్స్ కుటుంబం మొత్తంతో సహా. డివైస్ ట్రీకి (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో చెప్పే ఫైలుకి) మారని బోర్డయితే అక్కడే ఆగిపోతారు.

6.4లో స్లాబ్ అలొకేటర్లలో (కెర్నల్‌కి చిన్న మెమరీ ముక్కలు పంచేవి) చిన్నదైన ఎస్ఎల్ఓబీ పోయింది, 6.8లో ఎస్ఎల్ఏబీ. మిగిలింది ఎస్ఎల్‌యూబీ ఒక్కటే. ర్యామ్ మరీ తక్కువున్న బోర్డుల కోసం ఎస్ఎల్‌యూబీ టైనీ అని 6.2 నుంచి ఉంది. 6.9లో పాత ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవరు పోయింది.

ఇవి కాక లోపలి ఏపీఐలు: 6.4లో క్లాస్-క్రియేట్‌కి మాడ్యూల్ ఆర్గ్యుమెంటు తీసేశారు, 6.3లో ఐ2సీ ప్రోబ్‌కి రెండో ఆర్గ్యుమెంటు, 6.8లో ఎస్‌టీఆర్‌ఎల్‌కాపీ, 6.11లో ప్లాట్‌ఫామ్ డ్రైవర్ రిమూవ్ ఏమీ తిరిగివ్వకుండా మారింది. వీటికి భయపడక్కర్లేదు, కంపైలరే చెబుతుంది. కంపైలర్ చెప్పనివాటితోనే బాధ.

గుంటూరు_గ్రెప్ #7
కంపైలర్ చెప్పనివాటిలో మొదటిది డెఫ్‌కాన్ఫిగ్, అంటే మీ బోర్డుకి దాచుకున్న కాన్ఫిగ్ ఫైలు. కెర్నల్లో లేని సింబల్ (ఆప్షన్ పేరు) మీ కాన్ఫిగ్‌లో ఉంటే "ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్" నోరెత్తకుండా ఆ లైను పారేస్తుంది. ఎర్రర్ రాదు. కెర్నల్ బిల్డ్ అవుతుంది, బూట్ అవుతుంది, ఫీచరు ఉండదు. పేరు మారిన ఆప్షన్‌కీ ఇదే గతి. "లిస్ట్‌న్యూకాన్ఫిగ్" చూపించేది కొత్తగా వచ్చినవే, పోయినవి కాదు. చాలామంది అది చూసి సరిపోయిందనుకుంటారు.

చేయాల్సింది: 5.10 తుది కాన్ఫిగ్, 6.12 తుది కాన్ఫిగ్ రెండూ పక్కన పెట్టి స్క్రిప్ట్స్ ఫోల్డర్లోని "డిఫ్‌కాన్ఫిగ్" నడపండి. మైనస్‌తో మొదలయ్యే ప్రతి లైనుకీ ఒక కారణం రాయండి: పోయిందా, పేరు మారిందా, డిపెండెన్సీ మారి తనంతట తానే ఆఫ్ అయిందా. ఆ మూడో రకం తోనే జాగ్రత్త. జీపీఐఓ సిస్ఎఫ్ఎస్‌ది అదే కథ, ఎక్స్‌పర్ట్ ఆన్ లేకపోతే మీరు ఆన్ అని రాసిన "వై" గాలికి పోతుంది. కొత్త కెర్నళ్ళలో తెలియని సింబల్స్‌కి వార్నింగ్ ఇమ్మనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కూడా ఉంది, సీఐలో (ఆటోమేటిక్ బిల్డ్, టెస్టు) పెట్టేయండి.

జీపీఐఓ_గిరి #8
దానికే ఇంకోటి. సిస్ఎఫ్ఎస్ ఆన్ చేసుకున్నా నంబర్లు మారతాయి. 6.2లో జీపీఐఓల గరిష్ఠ సంఖ్య అనే లెక్క ఎత్తేసి, డైనమిక్ బేస్ 512 నుంచి పైకి ఇవ్వడం మొదలుపెట్టారు. రాస్ప్‌బెర్రీ పై మీద 6.6కి వెళ్ళిన చాలామంది స్క్రిప్టులు ఇందుకే పడిపోయాయి: 17 అని ఎక్స్‌పోర్ట్ చేస్తే ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్, అసలు నంబరు 529. ఫీచరు ఉంది, కానీ దాని మీద ఆధారపడ్డవాడికి లేనట్టే. షెల్ స్క్రిప్టుల్లో నంబర్లు చేతితో రాసి ఉంటే ఇప్పుడే లిబ్‌జీపీఐఓడీ లైబ్రరీకి మార్చేయండి, చిప్ పేరు, లైన్ పేరుతో.

నైజాం_నోడ్ #9
పంతులుగారు చెప్పిన వరస మంచిగనే ఉంది గానీ దానికంటె ముందు ఒక మెట్టు ఉన్నది. ఎవరు వాడుతున్నరో తెల్వకుండ డిఫాల్ట్ ఆఫ్ చేస్తే ఎట్ల? ముందుగాల లెక్క తియ్యాలె.

అందరు చేసేది పీఆర్-వార్న్-వన్స్ పెట్టుడు. అది బూట్‌కి ఒక్కసారే కొడ్తది. బోర్డు లేవంగనే మీ సొంత డెమన్ ఆ ఐఓసీటీఎల్ పిలుస్తది, వార్నింగ్ దాని పేరు మీద పడ్తది, ఇగ దాని తర్వాత పది మంది పిలిచినా లాగ్‌ల ఒక్కటి కనవడది. మీరు డెమన్ ఫిక్స్ చేసి "యూజర్లు ఎవరు లేరు" అని రిపోర్ట్ ఇస్తరు.

వార్న్-ఆన్ (కెర్నల్ల జరగరానిది జరిగింది అని చెప్పేది) అయితే అసలే పెట్టకుండ్రి. యూజర్‌స్పేస్ నుంచి కొట్టగలిగే దారిల వార్న్-ఆన్ ఉంటే, ప్యానిక్-ఆన్-వార్న్ పెట్టుకున్న మిషిన్ పడిపోతది.

సెగ్‌ఫాల్ట్_సత్తిబాబు #10
డిప్రికేషన్ నోటీసు ఇచ్చి సర్వర్ కూల్చడం. అదీ ఒక పద్ధతే, నోటీసు మాత్రం అందరూ చదువుతారు.

పాతకోడు_పంతులు #11
#9 పాయింటు ఒప్పుకుంటున్నా, లెక్క తీయడం ముందే జరగాలి. మరి వన్స్ బదులు ఏం పెట్టమంటారు? రేట్‌లిమిట్ పెడితే డీమెసేజ్ (కెర్నల్ లాగ్) నిండిపోతుంది.

నైజాం_నోడ్ #12
బీపీఎఫ్‌ట్రేస్ (నడుస్తున్న కెర్నల్‌ని గమనించే టూల్) తోటి ఆ హ్యాండ్లర్ మీద కేప్రోబ్ (ఫంక్షన్ పిలుపును పట్టేది) పెట్టి కమాండ్ పేరు వారీగ లెక్కవెట్టుండ్రి. నాలుగు సంగతులు యాదికి వెట్టుకోవాలె.

హ్యాండ్లర్ స్టాటిక్ అయితే కంపైలర్ దాన్ని ఇన్‌లైన్ చేస్తది (పిలిచిన కోడ్‌లనే కలిపేస్తది), కేప్రోబ్‌కి దొరకది. నో-ఇన్‌లైన్ అని రాయాలె.

కమాండ్ పేరు 15 అక్షరాలే వస్తది, అదీ థ్రెడ్ పేరు. పైథాన్ స్క్రిప్ట్ అయితే అన్ని "పైథాన్3" అనే వస్తయి. తల్లి ప్రాసెస్ పేరు గూడ తీసుకోవాలె.

బీపీఎఫ్‌ట్రేస్ ఎక్కేసరికి బూట్ల జరిగేవి జరిగిపోతయి. ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌ల (బూట్ మొదట్ల ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్) నుంచి పిలిచేటోడు అస్సలు దొరకడు. దానికోసం డ్రైవర్లనే ఒక కౌంటర్ పెట్టి డీబగ్ఎఫ్ఎస్ నుంచి చదువుకోవాలె.

ఇగ 64 బిట్ కెర్నల్ మీద 32 బిట్ యాప్‌లు ఉంటే అవి కంపాట్ ఐఓసీటీఎల్ దారిల వస్తయి. స్ట్రక్చర్ల లాంగో, పాయింటరో ఉంటే సైజు మారుతది, సైజు మారితే ఐఓసీటీఎల్ నంబరే మారుతది, ఎందుకంటె నంబర్లనే సైజు కలిసి ఉంటది. ఒక్క దారి లెక్కవెట్టి సున్నా వచ్చింది అంటె అది సున్నా కాదు.

ఎల్టీఎస్_లక్ష్మి #13
దీనికి తోడు, ఎంతకాలం లెక్కపెట్టాలన్నది క్యాలెండర్‌తో తేలదు. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్, ఫ్యాక్టరీ రీసెట్, రిపేరుకొచ్చిన బోర్డుకి వాడే టూలు, తయారీ లైన్లో టెస్ట్ జిగ్ (బోర్డులు పరీక్షించే సరంజామా) — ఇవన్నీ ఒక్కోసారి నడిచేదాకా లెక్క పూర్తికానట్టే. పాత ఐఓసీటీఎల్‌లు బతికుండేది ఎక్కువగా జిగ్ సాఫ్ట్‌వేర్లోనే, ఎందుకంటే దాన్ని ఎవరూ ముట్టుకోరు.

కెర్నల్‌కిట్టు #14
జిగ్ సంగతి అసలు తట్టలేదు. మాది బయటి వెండర్ రాసింది, సోర్సు లేదు. అంటే కోడు తీసేసినా ఫైలు మాత్రం ఉంచాలా?

గుంటూరు_గ్రెప్ #15
దానికి సరిగ్గా సరిపోయే కేసు ఒకటి మెయిన్‌లైన్లో జరిగింది. @బూట్‌లూప్ మీరూ చదవండి, "పీకేసి చూద్దాం" అంటే ఏమవుతుందో.

సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపులకి పరిమితులు పెట్టే సదుపాయం) వీ1లో కేమెమ్ లిమిట్ అని ఒక ఫైలు, గ్రూపు వాడే కెర్నల్ మెమరీకి గట్టి పరిమితి పెట్టేది. 5.4లో డిప్రికేట్ చేశారు. 5.16లో దాంట్లో రాస్తే ఈ-నాట్-సప్ (సపోర్టు లేదు) ఎర్రర్ వచ్చేలా చేశారు. 2023లో ఫైలే తీసేశారు. ఆ తొలగింపు ప్యాచ్ 6.1 స్టేబుల్‌కి (ఫిక్సులు మాత్రమే వెళ్ళాల్సిన పాత వెర్షనుకి) కూడా బ్యాక్‌పోర్ట్ అయింది. కంటెయినర్లు నడిపే పాత రన్‌టైములు ఆ ఫైలు కోసం వెతికేవి. లేకపోతే కంటెయినరే లేవదు. ఆ పరిమితి నిజంగా వాళ్ళకి అక్కర్లేదు, ఫైలు ఉంటే చాలు.

సరే రివర్ట్ చేద్దామంటే ఇంకో చిక్కు. ఫైలు ఉండి ఈ-నాట్-సప్ వస్తే తట్టుకోలేని సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. ఒకడికి ఫైలు ఉండాలి, ఇంకొకడికి ఎర్రర్ రాకూడదు. చివరికి 6.6 విడుదలయ్యేలోపే ఇద్దరికీ సరిపడేలా తేల్చారు: ఫైలు ఉంటుంది, రాస్తే విజయవంతంగా రాసినట్టే ఉంటుంది, పని ఏమీ జరగదు, లాగ్‌లో వార్నింగ్ వస్తుంది. లోపలి అమలు కోడు మాత్రం పోయింది. మెయింటెయినర్‌కి కావలసింది అదే కదా.

కిట్టు గారూ, మీ ప్రాక్ ఫైలు, సిస్ఎఫ్ఎస్ ఫైళ్ళకి ఇదే చేయండి. పేరు ఉంచి, లోపలిది తీసేయండి.

బూట్‌లూప్ #16
చదివాను. అయినా నా మాట మీదే ఉన్నా, ఒక సవరణతో. ఆ కథలో తప్పు పీకడంలో లేదు, పీకిన ప్యాచ్‌ని స్టేబుల్‌లోకి పంపడంలో ఉంది. 6.6 ఆర్సీల్లో అరిచి ఉంటే పది రోజుల్లో తేలిపోయేది. ఎల్టీఎస్ నడిపేవాడు బగ్ ఫిక్సుల కోసం అప్‌డేట్ తీసుకుంటాడు, ఫీచర్ పోగొట్టుకోడానికి కాదు.

ఎల్టీఎస్_లక్ష్మి #17
ఈ మాట ఒప్పుకోవాల్సిందే. తొలగింపు కమిట్‌లో "ఫిక్సెస్" ట్యాగు పెట్టకండి. స్టేబుల్‌కి ఆటోమేటిగ్గా ప్యాచ్‌లు ఏరే స్క్రిప్టులు దాన్ని పట్టుకుంటాయి. తర్వాత వచ్చే నిజమైన ఫిక్సు ఈ తొలగింపు మీద ఆధారపడినా డిపెండెన్సీగా లాక్కుపోతారు. అందుకే తొలగింపు సిరీస్‌లో బగ్ ఫిక్సులు కలపకుండా, ఫిక్సులు ముందు విడిగా పంపాలి.

పాతకోడు_పంతులు #18
"పేరు ఉంచి లోపలిది తీయడం" అన్నది కెర్నల్లో పాత అలవాటే. 4.3లో ఈఎక్స్‌టీ3 డ్రైవరు తీసేశారు, కానీ ఈఎక్స్‌టీ3 అని మౌంట్ చేస్తే ఈఎక్స్‌టీ4 డ్రైవరు అందుకుంటుంది. లక్ష్మిగారు చెప్పిన 6.9 ఎన్‌టీఎఫ్ఎస్ తొలగింపులో కూడా, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పాత పేరు రాసుకున్నవాళ్ళ కోసం ఎన్‌టీఎఫ్ఎస్3 డ్రైవరు ఆ పేరుతో కూడా రిజిస్టర్ అయింది. పాత డ్రైవరుని జనం దాదాపు చదవడానికే వాడేవాళ్ళు కాబట్టి, ఆ పేరుతో వస్తే రీడ్-ఓన్లీగానే మౌంట్ అయ్యేలా కట్టడి చేశారు. పాత పేరుతో వచ్చినవాడికి ఉన్నట్టుండి రాసే సదుపాయం వచ్చినా ప్రమాదమే.

అయితే ఈ పద్ధతి అన్నిటికీ పట్టదు. గ్రెప్ గారి సలహాలో నాకు నచ్చనిది ఇదే. ఆ ఫైల్లో రాసిన విలువ వల్ల భద్రతకో, వేడికో, కరెంటుకో సంబంధించిన పరిమితి అమలయ్యేదనుకోండి. రాస్తే "సరే" అని చెప్పి ఏమీ చేయకపోవడం అబద్ధం. అక్కడ ఎర్రరే ఇవ్వాలి. కిట్టు, ఆ సిస్ఎఫ్ఎస్ ఫైళ్ళు ఏం చేస్తాయి?

కెర్నల్‌కిట్టు #19
ఒకటి పోలింగ్ విరామం మిల్లీసెకన్లలో, ఇప్పుడు ఇంటరప్టుతో నడుస్తోంది కాబట్టి దానికి అర్థం లేదు. రెండోది టెంపరేచర్ కటాఫ్. ఇప్పుడు థర్మల్ ఫ్రేమ్‌వర్కులో డివైస్ ట్రీ నుంచి వస్తుంది.

పాతకోడు_పంతులు #20
మొదటిది నో-ఆప్ (రాసినా ఏమీ జరగకుండా) చేయండి. రెండోదాన్ని అలా చేయొద్దు. దాంట్లో 70 అని రాసినవాడు 70కి బోర్డు ఆగుతుందని నమ్ముతాడు. చదవడానికి డివైస్ ట్రీ విలువ చూపించండి, రాస్తే ఎర్రర్ ఇవ్వండి.

గుంటూరు_గ్రెప్ #21
ఒప్పుకున్నా. ఎర్రర్ అంటే ఏ ఎర్రర్ అన్నది కూడా పట్టించుకోండి. తీసేసిన ఐఓసీటీఎల్‌కి ఈ-నాట్-టీటీవై, తీసేసిన సిస్టమ్ కాల్‌కి ఈ-నో-సిస్. యూజర్‌స్పేస్ లైబ్రరీలు ఈ రెండిటినే "ఇది ఇక్కడ లేదు, వేరే దారి చూడు" అని అర్థం చేసుకుంటాయి. ఈ-ఇన్వాల్ ఇస్తే ఆర్గ్యుమెంటు తప్పనుకుని అక్కడే ఆగిపోతాయి. స్విచ్‌లో డిఫాల్ట్ కేసు ఈ-ఇన్వాల్ ఇచ్చే డ్రైవర్లు బోలెడు. ముందు అది సరిచేసి, ఒక రిలీజు వెళ్ళనిచ్చి, తర్వాత కేసులు తీయండి.

తీసిన నంబరు మళ్ళీ ఎప్పుడూ వాడకూడదు. 5.5లో సిస్‌సీటీఎల్ సిస్టమ్ కాల్ తీసేశారు. టేబుల్లో దాని నంబరు అలాగే ఖాళీగా పడి ఉంది. మీ హెడర్లో కూడా "ఈ నంబరు పోయింది, వాడొద్దు" అని కామెంటు వదలండి.

నైజాం_నోడ్ #22
హెడర్ అన్నరు గాబట్టి. డ్రైవర్ పోయినా యూఏపీఐ (యూజర్ ప్రోగ్రాంలు వాడే) హెడర్ల డెఫినిషన్లు వెంటనె తియ్యకుండ్రి. సైక్లేడ్స్ సీరియల్ కార్డుల డ్రైవర్ 5.13ల తీసిండ్రు, హెడర్ గూడ తీసిండ్రు. ఆ కార్డు ఎవరి దగ్గర లేదు, నిజమే. కానీ జీసీసీ 9 కంపైలర్ లోపటి లిబ్‌సానిటైజర్ ఆ హెడర్‌ని ఇంక్లూడ్ చేస్తది, ఐఓసీటీఎల్ సైజులు తెలుసుకునేటందుకు. కంపైలర్ బిల్డే ఆగిపోయింది. 5.17ల హెడర్‌ల కొంత భాగం వాపస్ తెచ్చిండ్రు. కార్డు లేదు, డ్రైవర్ లేదు, హెడర్ ఉన్నది.

సెగ్‌ఫాల్ట్_సత్తిబాబు #23
పోయిన గేదె కడివెడు పాలిచ్చేదట. డ్రైవరు ఉన్నన్నాళ్ళూ పలకరించినవాడు లేడు, పోయాక జీసీసీ ఏడ్చింది.

బూట్‌లూప్ #24
మరి 486 ప్రాసెసరు? ఎక్స్32? వాటికెందుకంత మొహమాటం. 386ని 3.8లోనే తీసేశారు, ఏమైంది?

పాతకోడు_పంతులు #25
రెండూ వేర్వేరు బరువులు. 486 వల్ల ఖర్చు కనబడుతుంది: 8 బైట్ల కంపేర్-ఎక్స్ఛేంజ్ సూచన లేని, టైమ్‌స్టాంప్ కౌంటర్ లేని ప్రాసెసర్ల కోసం ఎమ్యులేషన్ కోడు, ఎఫ్‌పీయూ లేనివాటి కోసం గణిత ఎమ్యులేటరు. అందుకే 2025 ఏప్రిల్లో కెర్నల్ డెవలపర్ ఇంగో మోల్నార్ తీసేద్దామని ప్యాచ్‌లు పంపాడు. కారణం "పాతది" అని కాదు. ఆ దారిలో బగ్ వస్తే కొత్త హార్డ్‌వేర్ వాళ్ళ సమయం పోతోంది.

ఎక్స్32ని (64 బిట్ ప్రాసెసర్ మీద 32 బిట్ పాయింటర్లతో నడిచే ఏబీఐ) 2018 డిసెంబరులో తీసేద్దామన్నారు. వాడేవాళ్ళు తక్కువే, కానీ మేం వాడుతున్నాం అన్నవాళ్ళు వచ్చారు. ఇప్పటికీ ఉంది. హార్డ్‌వేర్ పాతబడి చస్తుంది, ఏబీఐ అలా చావదు. ఆర్కిటెక్చర్లు తీయడమే సులువు. 4.17లో ఒకేసారి ఎనిమిది తీసేశారు, బ్లాక్‌ఫిన్, టైల్, ఎం32ఆర్ లాంటివి. వాటి కొత్త చిప్పులు లేవు, కొత్త కెర్నల్ ఎక్కించేవాళ్ళూ లేరు.

గుంటూరు_గ్రెప్ #26
కిట్టు గారి రెండో ప్రశ్నలో మిగిలింది ప్యాచ్‌ల వరస. పై నుంచి కిందకి తీయాలి, ఏ కమిట్ దగ్గర ఆగినా బిల్డ్ అవ్వాలి, లేకపోతే బైసెక్ట్ చేసేవాడు (బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో వెతికేవాడు) తిడతాడు.

ముందు ఆ ఇంటర్‌ఫేసుని పిలిచే కోడు. తర్వాత డెఫ్‌కాన్ఫిగ్‌లలో లైన్లు. తర్వాత కేకాన్ఫిగ్ ఎంట్రీ, మేక్‌ఫైల్ లైను, సోర్సు ఫైళ్ళు ఒకే కమిట్‌లో. ఆఖర్న డాక్యుమెంటేషన్, మెయింటెయినర్స్ ఫైల్లో ఎంట్రీ. మెయిన్‌లైన్ పద్ధతిలో అయితే ఏబీఐ ఎంట్రీని "అబ్సొలీట్" నుంచి "రిమూవ్డ్" ఫోల్డర్‌కి జరపాలి, చెరిపేయకూడదు.

అయ్యాక స్క్రిప్ట్స్‌లో "చెక్-కేకాన్ఫిగ్-సింబల్స్" నడపండి. తీసేసిన సింబల్‌ని ఎక్కడో ఇఫ్‌డెఫ్‌లో ఇంకా అడుగుతున్న కోడు దొరుకుతుంది. ఆ ఇఫ్‌డెఫ్ ఎప్పటికీ నిజం కాదు కాబట్టి కంపైలర్ కిక్కురుమనదు.

పెద్ద తొలగింపుని మెయిల్లో పంపాలంటే గిట్ ఫార్మాట్-ప్యాచ్‌కి పెద్ద డీ ఆప్షన్ ఇవ్వండి. డిలీట్ అయిన ఫైళ్ళ పాఠం రాకుండా పేర్లే వస్తాయి, చదివేవాడికి అసలు మార్పులు కనబడతాయి. కానీ ఆ ప్యాచ్ అప్లై అవ్వదు, చదవడానికే. పక్కన గిట్ బ్రాంచి కూడా ఇవ్వాలి.

కెర్నల్‌కిట్టు #27
పైకి పంపబోయేది ఇదీ, చూసి తిట్టండి:

6.12 పోర్ట్ మొదటి రిలీజు: పాతవన్నీ ఒక కాన్ఫిగ్ కింద, ఆన్. స్విచ్ డిఫాల్ట్ ఈ-నాట్-టీటీవై. ఐఓసీటీఎల్ నంబరుకొక కౌంటర్, సాధారణ దారికీ కంపాట్ దారికీ విడివిడిగా, డీబగ్ఎఫ్ఎస్‌లో. జిగ్, ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్, రిపేర్ టూలు మూడూ నడిచాక కౌంటర్లు తీసుకోవడం.
రెండో రిలీజు: కాన్ఫిగ్ డిఫాల్ట్ ఆఫ్. పోలింగ్ ఫైలు నో-ఆప్, టెంపరేచర్ ఫైలు రాస్తే ఎర్రర్.
మూడో రిలీజు: కోడు డిలీట్, హెడర్లో డెఫినిషన్లు ఉంచడం.

ఎల్టీఎస్_లక్ష్మి #28
రెండు దిద్దుబాట్లు. మీ కస్టమర్లు కెర్నల్ బిల్డ్ చేసుకోరు, ఇమేజ్ తీసుకుంటారు. వాళ్ళకి కాన్ఫిగ్ ఆప్షన్ ఉన్నా లేనట్టే. రెండో రిలీజులో కోడు కంపైల్ అయ్యే ఉండాలి, మాడ్యూల్ పారామీటరుతో ఆఫ్‌లో ఉండాలి, బూట్ లైన్లో ఒక్క పదంతో తిరిగి ఆన్ అవ్వాలి. ఎక్స్86లో విసిస్‌కాల్ అనే పాత సిస్టమ్ కాల్ దారికి బూట్ పారామీటర్ ఉన్నట్టు. అది ఎవరు ఆన్ చేశారో మీ సపోర్ట్ లాగుల్లో కనబడుతుంది కూడా, రెండో లెక్క ఉచితంగా వస్తుంది.

రెండోది, టెంపరేచర్ ఫైలుని మొదటి రిలీజులోనే మార్చండి. 6.12లో కటాఫ్ థర్మల్ ఫ్రేమ్‌వర్కు చేతిలో ఉంటే, ఆ ఫైలు మొదటి రోజు నుంచే అబద్ధం చెబుతున్నట్టు.

6.12 ఎంచుకోవడం కూడా ఒకసారి చూసుకోండి. ఎల్టీఎస్ ముగింపు తేదీలు మారుతుంటాయి, కెర్నల్ సైటులో విడుదలల పేజీ చూసి ఖాయం చేసుకోండి. 6.18 కూడా ఎల్టీఎస్సే. దానికి వెళితే రైజర్‌ఎఫ్ఎస్ ఉండదు, 6.15లో సిస్-వీ ఫైల్‌సిస్టమ్ కూడా పోయింది. మౌంట్ కాకుండా పడున్న ఎల్‌వీఎం వాల్యూములు, బ్యాకప్ డిస్కులు కూడా బ్లాక్‌ఐడీతో చూసుకోవాలి. నడుస్తున్న మౌంట్ల జాబితా చూస్తే ఇవి రావు.

కెర్నల్‌కిట్టు #29
మాడ్యూల్ పారామీటర్ సరైన మాట, మారుస్తా. గిరి గారూ, చివరిగా ఒకటి: జిగ్ వాళ్ళ షెల్ స్క్రిప్టు ఒక పిన్ని హై చేసి వదిలేస్తుంది. సిస్ఎఫ్ఎస్‌లో అలాగే నిలబడేది. లిబ్‌జీపీఐఓడీ వాళ్ళ జీపీఐఓసెట్‌ కమాండ్‌తో చేస్తే కమాండ్ అయిపోగానే పడిపోతోంది.

జీపీఐఓ_గిరి #30
క్యారెక్టర్ డివైస్‌లో (లిబ్‌జీపీఐఓడీ వాడే దారి) లైను తెరిచినవాడిదే. వాడు మూసేస్తే ఆ విలువ నిలబడుతుందన్న హామీ లేదు, డ్రైవరు ఇష్టం. లిబ్‌జీపీఐఓడీ 2లో జీపీఐఓసెట్‌ని డెమనైజ్ ఆప్షన్‌తో వెనక నడిపించండి, పని అయ్యాక దాన్ని చంపండి. ఎప్పుడూ హైలోనే ఉండాల్సిన పిన్నయితే స్క్రిప్టు అక్కర్లేదు, డివైస్ ట్రీలో జీపీఐఓ-హాగ్ పెట్టేయండి. ఒకటి చూసుకోండి: 1 నుంచి 2కి కమాండ్ వాక్యనిర్మాణం మారింది, చిప్ పేరు ముందు "సీ" ఆప్షన్ పెట్టాలి. పాత ఉదాహరణలు కాపీ చేస్తే చిప్ పేరునే లైను పేరనుకుని వెతుకుతుంది.